వానాకాలంలో కృష్ణ ఒడ్డున నడకకు పోయేముందు
మన దగ్గర చినుకు పడలేదు కదా, నదిలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయిలే అనుకుని జూరాల డ్యామ్ కింద బండల మీదికి పిల్లలతో సహా దిగిపోయేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్. కృష్ణకు మన ఆకాశంతో పెద్దగా పని లేదు. అటు మహారాష్ట్ర కొండల్లో వాన దంచితే కర్ణాటకలో ఆల్మట్టి డ్యామ్ నిండుతుంది, తర్వాత నారాయణపూర్ డ్యామ్ నిండుతుంది, ఆ నీళ్ళు వచ్చి జూరాల గేట్లు లేచే సమయానికి గద్వాలలో ఎండ కాస్తూ ఉండొచ్చు. 2009 అక్టోబరులో అలంపూర్ వైపు ఊళ్ళు మునిగినప్పుడు కూడా పైనుంచి వచ్చిన వరద తక్కువేం కాదు, తుంగభద్ర కూడా దానికి తోడైంది.

కాబట్టి జులై నుంచి అక్టోబరు దాకా బీచుపల్లి వైపో జూరాల వైపో పోవాలనుకుంటే ముందు రోజు జూరాల ఇన్‌ఫ్లో, అంటే డ్యామ్‌లోకి వచ్చే నీళ్ళు, ఎంతుందో వార్తల్లో చూడండి. అది పెరుగుతూ ఉంటే ఒడ్డు మీద తొవ్వలోనే నడవండి, ఇసుకలోకి, నది మధ్య గుండ్ల మీదికి వద్దు. సైరన్ వినపడినా, నీళ్ళు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగి పుల్లలూ చెత్తా కొట్టుకొస్తున్నా సెల్ఫీ సంగతి మరిచిపోయి పైకి వచ్చేయండి. వరద లేని రోజు కూడా మోకాలి లోతే కదా అని దిగొద్దు, ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు, ఈత వచ్చినవాళ్ళు కూడా అందులో పోయారు. మొసళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ చేపలు పట్టే పెద్దమనిషిని ఎవరినైనా అడిగితే ఎక్కడ దిగకూడదో బోర్డు కన్నా బాగా చెబుతాడు.

ఇక పొదలు. ఒడ్డు పొడవునా సర్కారు తుమ్మే, బండి టైర్లనే వదలని ముల్లు హవాయి చెప్పును వదులుతుందా? మడమ దాటి పైకి వచ్చే బూట్లు, నిండు ప్యాంటు వేసుకోండి. దురదగొండి కాయలను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. తేనెతుట్టె కనపడితే దాని కింద పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు. ఉరుము వినపడితే చెట్టు కిందికి కాదు, కారులోకో పక్కా ఇంట్లోకో పొండి.

పాము గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వానలకు బొరియల్లో నీళ్ళు చేరితే పాములు గట్ల మీదికి వస్తాయి. రక్తపింజర కుక్కర్ విజిల్ లాగా బుస కొడుతుంది కాబట్టి కనీసం తెలుస్తుంది, కట్లపాము కాటు మాత్రం ఒక్కోసారి నొప్పి కూడా పెట్టదు, గాటు సరిగ్గా కనపడదు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. చీకటి పడకముందే వెనక్కి తిరగండి, టార్చి మాత్రం జేబులో ఉండాలి. కాటు పడితే తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు మందు కోసం పక్క ఊరికి పరిగెత్తడం, ఇవన్నీ ప్రాణం మీదికి తెచ్చేవే. ఉంగరాలు, కడియాలు, పట్టీలు తీసేయండి, కాలో చెయ్యో విరిగితే ఎలా కడతామో అలా కర్ర పెట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేయండి, లేదంటే ఉన్న బండిలోనే పెద్ద సర్కారు దవాఖానకు తీసుకెళ్ళండి. పామును చంపి సంచిలో వేసుకుపోవాల్సిన పని లేదు, నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, ఈ నాలుగింటికీ ఒకే మందు ఇస్తారు.

ఇంటికి వచ్చాక బట్టలు వేడినీళ్ళలో వేసి, సబ్బుతో స్నానం చేసి, చంకలు, నడుము, మోకాళ్ళ వెనక ఒకసారి చూసుకోండి. పొదల్లో కంటికి ఆనని పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, అది వెంటనే బయటపడదు. వారం, పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలకు గట్టి జ్వరం, తలనొప్పి వచ్చి, ఒంటి మీద ఎక్కడో సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కనపడితే ఆ పక్కును డాక్టరుకు చూపించి, నది ఒడ్డున పొదల్లో తిరిగామని మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.