బుల్లి రైలు వైరింగ్, 4వ పాఠం: షార్ట్ ఎక్కడుందో పట్టుకోవడం

కిందటి పాఠంలో బల్ల కింద ఎర్ర, నల్ల బస్ వైర్లు (బల్ల పొడవునా పవర్ మోసే రెండు ప్రధాన వైర్లు) లాగి, మూడడుగులకో జత ఫీడర్లు (బస్ నుంచి పట్టాలకి వెళ్ళే చిన్న వైర్లు) పట్టాలకి సోల్డర్ చేశాం కదా. ఇప్పుడు స్విచ్ వేయగానే డీసీసీ బూస్టర్ (పట్టాలకి పవర్ ఇచ్చే డబ్బా) ట్రిప్ అయిపోతోందంటే ఎక్కడో ఎరుపూ నలుపూ కలిశాయన్నమాట. వెంటనే బల్ల కింద దూరి కనబడ్డ వైరునల్లా లాగి చూడకండి, ఉన్న షార్ట్ దొరక్కపోగా రెండు సోల్డర్లు ఊడతాయి. షార్ట్‌ని ఊహించి పట్టుకోలేం, సగం సగం చేసుకుంటూ పోవాలి.

ముందు పట్టాల మీదున్నవన్నీ తీసేయండి, ఇంజన్లూ, బోగీలూ, అక్కడే మర్చిపోయిన స్క్రూడ్రైవరూ (నవ్వకండి, ఇది మామూలే). తీయగానే షార్ట్ పోయిందా? అయితే తప్పు వైరింగ్‌ది కాదు, బండిది. ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడండి. కొన్ని బోగీల చక్రాల జతలో ఒక చక్రానికే ఇన్సులేషన్ ఉంటుంది. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు ఒక ఇరుసు అటూ ఇటూ మారితే చాలు, ఇనప ఫ్రేమ్ గుండా రెండు పట్టాలూ కలిసిపోతాయి.

ఖాళీ పట్టాల మీద కూడా షార్ట్ ఉంటే పవర్ ఆపి, బూస్టర్ దగ్గర రెండు బస్ వైర్లూ ఊడదీసి, మల్టీమీటర్‌ని బజర్ మోడ్‌లో పెట్టి పట్టాల మీద ఆనించండి. కుయ్యిమంటుంది. ఇప్పుడు బస్‌ని మధ్యలో విడదీయండి. బస్ ఒక్కటే విడదీస్తే సరిపోదు, పైన పట్టాలు ఇనప జాయినర్లతో (పట్టాల చివరల్ని కలిపే చిన్న తొడుగులు) కలిసే ఉంటాయి కాబట్టి అదే చోట రెండు పట్టాల జాయినర్లనీ వెనక్కి జరపాలి, లేఅవుట్ గుండ్రంగా ఉంటే రెండు చోట్ల. చాలామంది ఈ సంగతి మర్చిపోయి, ఎక్కడ కోసినా బజర్ మోగుతూనే ఉందని తల పట్టుకుంటారు. ఏ సగంలో మోగుతుందో ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. 16 జతల ఫీడర్లున్నా నాలుగు సార్లలో ఒక జత దగ్గరకి వచ్చేస్తారు, చూస్తే ఎర్ర ఫీడరు వెళ్ళాల్సిన పట్టాకి నల్లది అతికి ఉంటుంది.

పవర్ ఉంచే వెతకాలంటే ఒక బస్ వైరుకి వరసలో (సిరీస్‌లో) కారు బ్రేక్ లైట్ బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, పెట్టండి. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతూ కరెంటుని దాదాపు 2 ఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది. ఒక్కో ఫీడరూ తీస్తూ బల్బునే చూస్తూ ఉండండి, ఆరిందంటే దొంగ అక్కడే. కాకపోతే బల్బు బాగా కాలుతుంది, ప్లాస్టిక్‌కీ వేళ్ళకీ దూరంగా పెట్టుకోండి.

ఇక అసలు తలనొప్పి పాయింట్లు, అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాలు. వాటిలో రెండు దారుల లోపలి పట్టాలు కలిసే ముక్కు భాగాన్ని ఫ్రాగ్ అంటారు. కరెంటు ఉండే ఫ్రాగ్ రకం (పీకో కంపెనీ వాళ్ళ ఎలక్ట్రోఫ్రాగ్ లాంటివి) అయితే, పాయింటు ఎటు తిప్పితే ఫ్రాగ్‌కి ఆ వైపు పట్టా కరెంటు వస్తుంది. అందుకే ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్ళే రెండు లోపలి పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు ఉండాలి. ఒక వైపు తిప్పితే బాగుండి, రెండో వైపు తిప్పగానే ట్రిప్ అవుతోందంటే ఆ రెండిట్లో ఒకచోట ఇనప జాయినర్ ఉండిపోయింది. రెండుచోట్లా ఉండిపోయి, రెండు దారులకీ ఫీడర్లుంటే ఎటు తిప్పినా షార్టే.

ప్లాస్టిక్ ఫ్రాగ్ రకంలో వేరే చిక్కు. ఖాళీగా ఉంటే ఏమీ ఉండదు, ఇంజన్ దాటేటప్పుడు మాత్రం చిన్న మెరుపు మెరిసి అంతా ఆగుతుంది. ఫ్రాగ్ ముక్కు దాటగానే రెండు పట్టాలు వెంట్రుక వాసి దూరంలో మొదలవుతాయి, వెడల్పు చక్రం రెండిటినీ ఒకేసారి తాకుతుంది. లైట్లార్పి నెమ్మదిగా నడిపితే నిప్పురవ్వ ఎక్కడ లేస్తోందో కనిపిస్తుంది. అక్కడ పట్టా మీద సెంటీమీటరు మేర రంగులేని నెయిల్ పాలిష్ పూయండి, అరిగాక మళ్ళీ పూయాల్సిందే.

బండి చుట్టు తిరిగి వచ్చిన దారికే ఎదురెక్కే లూప్ మీ లేఅవుట్‌లో ఉంటే, వైర్లన్నీ సరిగ్గా ఉన్నా షార్ట్ అవుతుంది. దాని పని 5వ పాఠంలో పడదాం.

అప్పటిదాకా హోంవర్క్: బల్బు తీసేసి, పవర్ ఇచ్చి, హెచ్‌ఓ సైజు పట్టాల మీద అడ్డంగా రూపాయి బిళ్ళ ఒక్క క్షణం ఆనించండి. బూస్టర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, ప్రతి ముక్క మీదా. ఎక్కడైనా వెంటనే ట్రిప్ కాకపోతే బిళ్ళ తీసేసి, ఆ చోట చాక్‌పీస్‌తో గీత గీయండి, అక్కడ ఫీడరు సన్నగా ఉండటమో జాయినర్ వదులవడమో జరిగింది.