బీచ్ రోడ్డులో బాంబు, లైబ్రరీలో పేపరు: విశాఖలో వార్తల చరిత్ర చూడటం ఎలా?

వాషింగ్టన్‌లో న్యూజియం అని వార్తల మ్యూజియం ఒకటి ఉండేది. 2001 సెప్టెంబరు 11 దాడుల గ్యాలరీలో, కూలిపోయిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీది యాంటెన్నా ముక్కను నిలబెట్టారు. దాని వెనక గోడంతా మర్నాడు వచ్చిన పేపర్ల మొదటి పేజీలే. జరిగిందాని గుర్తు ముందు, జనం చదివింది వెనక. 2019 డిసెంబరు 31న ఆ మ్యూజియం మూతపడింది.

విశాఖలో అలాంటి మ్యూజియం లేదు. అయినా ఆ గ్యాలరీలో చేసిన పని మనమూ చేసుకోవచ్చు. మన వస్తువులు బీచ్ రోడ్డులో ఉన్నాయి, పేపర్లు లైబ్రరీల్లో ఉన్నాయి. విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు ముందు నిలబడి మా మేనకోడలు "మర్నాడు పేపర్లో ఏం రాశారు మావయ్యా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఈ పద్ధతే చెబుతున్నాను.

ముందు తేదీ ఎంచుకోండి

ఊరికే "పాత పేపర్లు చూద్దాం" అని వెళ్తే పది నిమిషాల్లో విసుగొస్తుంది. ఒక తేదీ పట్టుకుని వెళ్లండి. విశాఖకు సంబంధించి నేను చెప్పేవి రెండు: జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేసిన 1942 ఏప్రిల్ 6, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి. పెద్ద పిల్లలుంటే ఎమర్జెన్సీ మొదలైన 1975 జూన్ చివరి వారం కూడా కలపండి. సెన్సార్‌కు నిరసనగా కొన్ని పత్రికలు సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేశాయి.

వస్తువు దగ్గర నింపాదిగా నిలబడండి

విశాఖ మ్యూజియం బీచ్ రోడ్డులో ఒక పాత డచ్ బంగళాలో ఉంది. అన్ని గదులూ ఒకే రోజు చూడాలనుకోకండి, నేరుగా బాంబు దగ్గరికి వెళ్లండి. పక్కన రాసినది చదివి, అందులో ఏముందో, ఏం లేదో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎంతమంది పోయారు? ఎక్కడ పడింది? ఊళ్లో జనం ఏం చేశారు? మిగిలిపోయిన ప్రశ్నలే లైబ్రరీలో దారి చూపిస్తాయి. ఆ రోజుల్లో జనం ఇళ్లు వదిలి పల్లెలకు వెళ్లిపోయారు, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే కొన్నాళ్లు గుంటూరుకు తరలించారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే బయల్దేరేముందు వాళ్ల నోట ఒకసారి వినండి.

అక్కడి నుంచి, బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన మన నౌకాదళం కురుసుర జలాంతర్గామికి వెళ్లండి. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు మారుతుంటాయి, ముందే కనుక్కోండి. ఒక్క విషయం పిల్లలకు తప్పకుండా చెప్పాలి: ఘాజీతో తలపడింది కురుసుర కాదు. 1971 యుద్ధంలో అది అరేబియా సముద్రం వైపు పనిచేసింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ఘాజీ కథకు ఆనవాలు దగ్గర్లోనే ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం.

ఇప్పుడు పేపరు తీయండి

ద్వారకానగర్‌లోని పబ్లిక్ లైబ్రరీతో మొదలుపెట్టండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్లాలంటే బయటివాళ్లు ముందుగా అనుమతి అడగాలి. కౌంటర్లో "పాత పేపర్లున్నాయా?" అంటే లేవనే అంటారు. "బైండు చేసిన సంచికలు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయండీ?" అని అడగండి. మీకు కావలసిన సంవత్సరం దొరక్కపోతే ప్రభుత్వ సంస్థ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికలున్నాయి. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రిక, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక వాటిలో ఉన్నాయి.

పాత కాగితం అంచులు పొడిపొడిగా రాలిపోతాయి. వేలు తడి చేసుకుని తిప్పకండి. పై మూల పట్టుకుని, కింద అరచెయ్యి ఆనించి మెల్లగా తిప్పండి. పెన్ను సంచిలో పెట్టేసి పెన్సిల్ తీసుకోండి. ఫోటోకు అనుమతి అడగండి, ఫ్లాష్ వద్దు. ఊరి పేరు విశాఖపట్టణం అనో, వైజాగు అనో, వాల్తేరు అనో ఉండొచ్చు. మూడింటి కోసమూ వెతకండి.

వార్త దొరకగానే మొదటి వాక్యానికి ముందున్న ఊరి పేరు, తేదీ చూడండి. సంఘటన జరిగిన చోటు నుంచే వచ్చిందా, ఢిల్లీ నుంచో మద్రాసు నుంచో వచ్చిందా అన్నది అక్కడ తెలుస్తుంది. 1942లో యుద్ధకాలపు సెన్సార్ ఉండేది. అందుకని రాసినదానితో పాటు రాయనిదాన్ని కూడా మీ నోట్‌బుక్‌లోని ప్రశ్నలతో సరిపోల్చండి.

ఘాజీ విషయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ అర్ధరాత్రి పేలుడుకు బీచ్ దగ్గరి ఇళ్లలో కిటికీ అద్దాలు అదిరాయి. డిసెంబరు 4 పేపరు తీస్తే యుద్ధం మొదలైన వార్త ఉంటుంది, ఘాజీ ఊసుండదు. మన ప్రభుత్వం ప్రకటించింది డిసెంబరు 9న. కాబట్టి 10వ తేదీ పేపరు అడగండి. చెవులతో విన్న ఊరు ఆ శబ్దమేమిటో తెలుసుకోవడానికి అన్ని రోజులు ఆగింది! ఎలా మునిగిందన్న దాని మీద కూడా రెండు మాటలున్నాయి. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ దాడి వల్ల అని మన నౌకాదళం అంటుంది; లోపల జరిగిన పేలుడో, ఘాజీ తనే సముద్రంలో పెట్టిన మైన్లో (నీటి మందుపాతరలో) కారణమని పాకిస్తాన్ అంటుంది. పిల్లలకు రెండూ చెప్పండి. ఒక్కటే చెప్పి పంపితే వార్తల చరిత్ర సగమే చూపించినట్టు.

ఒక తెల్లవారుజామున

ఇది మాత్రం వేరే రోజు పెట్టుకోండి. మీ ఏరియాలో పేపర్లు పంచే చోటు ఎక్కడో మీ పేపరబ్బాయిని అడిగి, నాలుగున్నరకల్లా వెళ్లండి. కట్టలు విప్పడం, జిల్లా పేజీలు లోపల పెట్టడం, సైకిళ్లకు, బళ్లకు సర్దడం అరగంటలో అయిపోతుంది. వాళ్ల పనికి అడ్డం రాకుండా పక్కన నిలబడండి.

ఒకప్పుడు విశాఖలో ఈ దృశ్యం లేదు. విజయవాడలాంటి చోట్ల అచ్చయిన పేపరు రైల్లో వచ్చి చేరేసరికి పొద్దెక్కేది. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలోనే మొదలయ్యాక, తెల్లారకముందే గుమ్మంలో పేపరు పడటం అలవాటైంది. మీ తాతగారో, మామ్మగారో ఆ మార్పు చూసే ఉంటారు. పేపరు ఏ టైంకి వచ్చేది, ఎవరింట్లో చదివేవారు, పక్కింటివాళ్లతో పంచుకునేవారా? ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఆ రోజు పేపరొకటి కొని దాచండి. న్యూస్‌ప్రింట్ వెలుగుకు, గాలికి పచ్చబడిపోతుంది. మన సముద్రపు తేమ దాన్ని ఇంకా పాడుచేస్తుంది. మడత పెట్టకుండా, టేపు అతికించకుండా, లామినేషన్ చేయించకుండా, అట్టల మధ్య పరిచి చీకటిగా, పొడిగా ఉండే బీరువా అరలో పెట్టండి. అట్ట మీద తేదీ, ఎవరెవరు వెళ్లారో, ఆ పొద్దున ఎక్కడ కొన్నారో పెన్సిల్‌తో రాయండి.