కష్టాల్లో ఉన్న బిల్డర్ కంపెనీ షేరు కొనాలా వద్దా? తేల్చుకునే పద్ధతి

ఇళ్ల అమ్మకాలు పడిపోయిన ప్రతిసారీ నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "నాలుగొందలున్న షేరు అరవైకి వచ్చింది బావా, ఇంకెంత పడుతుంది? తీసుకుందామా?" అరవైకి వచ్చిన షేరు ఆరుకీ రాగలదు. యూనిటెక్ అనే బిల్డర్ కంపెనీ షేరు 2008 జనవరిలో 500 రూపాయలు దాటింది. తర్వాతి కాలంలో రూపాయి దగ్గరికి వచ్చి పడింది. దారిలో వంద దగ్గర కొన్నవాళ్లూ, ముప్ఫై దగ్గర కొన్నవాళ్లూ, పది దగ్గర కొన్నవాళ్లూ అందరూ చవగ్గా దొరికిందనే అనుకున్నారు.

అదే మాంద్యంలో డీఎల్‌ఎఫ్ కూడా 1,200 పైనుంచి 2009 మార్చి నాటికి 150 కిందికి జారింది. కానీ నిలబడింది. అప్పుడు ధైర్యం చేసినవాళ్లకు డబ్బులొచ్చాయి. రెండు కంపెనీలకూ భూములున్నాయి, అప్పులున్నాయి, పేరుంది. ధరల చార్టు ముందు పెట్టుకుని ఏది బతుకుతుందో, ఏది మునుగుతుందో ఆనాడు ఎవరూ చెప్పగలిగేవారు కాదు. దేన్ని చూడాలో కింద రాస్తున్నాను. మన దేశంలో లిస్టయిన బిల్డర్ కంపెనీలన్నిటికీ ఇదే పద్ధతి.

కావలసినవి

గత రెండేళ్ల వార్షిక నివేదికలు, గత ఐదు త్రైమాసికాల ఫలితాలు, తాజా షేర్‌హోల్డింగ్ పట్టిక, అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే రేటింగ్ సంస్థ ఇచ్చిన చివరి నోట్, ఒక నోట్‌బుక్, ఒక ఎర్ర పెన్సిల్. కాగితాలన్నీ బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజీల, రేటింగ్ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్ యాప్‌లో కనిపించే సారాంశం చూసి నిర్ణయం తీసుకోకండి. మనకు కావలసిన అంకె అందులో ఉండదు. అనుబంధ కంపెనీలన్నీ కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కలే చూడాలి. ఒక్క మాతృ సంస్థవే చూపే స్టాండలోన్ లెక్కల జోలికి వెళ్లనక్కర్లేదు.

1. వరసలో మన చోటు ఎక్కడో తెలుసుకోండి

కంపెనీ దివాలా తీస్తే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు ఉన్న అప్పులు, కార్మికుల బకాయిలు, ఆ తర్వాత మిగతా అప్పులు, ప్రభుత్వ బకాయిలు. షేర్‌హోల్డర్ అందరికంటే చివర. 2018 జూన్ నుంచి ఫ్లాట్ కొన్నవాళ్లను కూడా దివాలా చట్టం అప్పిచ్చినవాళ్లుగానే లెక్కిస్తోంది, అంటే వాళ్లూ మనకంటే ముందే. ఇళ్లకు అప్పులిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ సంగతి గుర్తుంది కదా. 2021లో దాన్ని కొత్త యజమాని తీసుకున్నప్పుడు పాత షేర్ల విలువను సున్నాగా తేల్చి ఎక్స్ఛేంజీల్లోంచి తీసేశారు (డీలిస్ట్). "ఎవరో ఒకరు టేకోవర్ చేస్తారు, షేరు లేస్తుంది" అనుకుని చివరిదాకా పట్టుకున్నవాళ్లకు పైసా రాలేదు. కంపెనీ బతకడం వేరు, షేరు బతకడం వేరు.

2. లాభం లైను వదిలేయండి

2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల నియమం వల్ల చాలా ప్రాజెక్టుల్లో ఇల్లు పూర్తయి కొన్నవాళ్లకు అప్పగించినప్పుడే ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఈ త్రైమాసికంలో కనిపిస్తున్న లాభం మూడు నాలుగేళ్ల కిందటి బుకింగులది. మార్కెట్ చల్లబడ్డాక కూడా లాభాలు ఘనంగా కనిపిస్తాయి, వాటిని చూసి పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా ఉందని కొంటారు. మీరు చూడాల్సినవి రెండే: బుకింగులు, వసూళ్లు. బుకింగులు పెరుగుతూ వసూళ్లు పెరగకపోతే, పది శాతం కట్టించుకుని మిగతాది తర్వాత ఇవ్వండనే స్కీములు నడుస్తున్నాయేమో చూడండి.

3. ప్రమోటర్ల తాకట్టు

షేర్‌హోల్డింగ్ పట్టికలో ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే యజమానులు, ఎన్ని షేర్లు తాకట్టు పెట్టారో ఉంటుంది. వాళ్ల వాటాలో పాతిక శాతం దాటితే ఆ కంపెనీని పక్కన పెట్టేయాలి. ధర పడగానే అప్పిచ్చినవాడు ఆ షేర్లు మార్కెట్లో అమ్మేస్తాడు, వరసగా లోయర్ సర్క్యూట్లు (ఒక్క రోజులో ధర పడగల హద్దు) పడతాయి, మనం అమ్ముదామన్నా కొనేవాడుండడు.

4. అప్పు లెక్క

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పైవన్నీ అరగంట పని. దీనికి మాత్రం ఒక పూట కేటాయించండి, ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి.

పత్రికా ప్రకటనలో "నికర అప్పు తగ్గింది" అని ఉంటుంది. ఆ అంకెను నమ్మొద్దు. మొత్తం అప్పులోంచి చేతిలో ఉన్న నగదు తీసేస్తే వచ్చేది నికర అప్పు. చిక్కంతా ఆ నగదులోనే ఉంది. ఇల్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం ఫ్లాట్ కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఆర్కిటెక్ట్, ఇంజినీర్, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫై చేస్తే, పని ఎంత పూర్తయితే అంతే తీసుకోవాలి. కాబట్టి ఆ డబ్బుతో బ్యాంకు వాయిదా కట్టేద్దామంటే కుదరదు. వార్షిక నివేదికలో నగదు, బ్యాంకు నిల్వల నోట్స్ తెరిచి రెరా ఖాతాల్లో ఎంత, గ్యారంటీల కింద లాక్ అయిన డిపాజిట్లు ఎంత అని విడదీయండి. మిగిలిందే కంపెనీ చేతిలో ఉన్న డబ్బు.

తర్వాత నివేదికలో వెనక్కి వెళ్లి "లిక్విడిటీ రిస్క్" అన్న పట్టిక వెతకండి. నూట యాభయ్యో పేజీ దాటాక, చిన్న అక్షరాల్లో, ఆరేడు లైన్లే ఉంటుంది. ఏడాదిలోపు కట్టాల్సింది ఎంత, తర్వాతి ఏళ్లలో ఎంత అని అందులో గడులు గడులుగా ఉంటుంది. ఆ పేజీని ప్రింట్ తీసి మొదటి గడి చుట్టూ ఎర్ర గీత పెట్టాలి. స్క్రీన్ మీద చూస్తే మనసుకు పట్టదు.

కరెంట్ రేషియో (ప్రస్తుత ఆస్తులు ఏడాదిలోపు బాకీలకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూసి ధైర్యం తెచ్చుకోకండి. బిల్డర్ల వ్యాపార చక్రం ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి అమ్ముడుపోని ఫ్లాట్లు, ప్రాజెక్టుల కోసం కొన్న భూములు కూడా "ప్రస్తుత ఆస్తులు" కిందే వేస్తారు. కాగితం మీద రెండింతలు కనిపిస్తుంది. వచ్చే నెల వడ్డీ కట్టడానికి ఆ భూమి ఎందుకూ పనికిరాదు.

వడ్డీ సంగతి కూడా అంతే. నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టుల వడ్డీని ఖర్చుగా చూపకుండా ఇన్వెంటరీ (అమ్మాల్సిన ఇళ్లు, భూములు) విలువలో కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకే లాభనష్టాల పట్టికలో వడ్డీ కొంచెమే కనిపిస్తుంది. అసలు కట్టిన వడ్డీ క్యాష్ ఫ్లో పట్టికలో ఉంటుంది. అదే రాసుకోండి.

ఇప్పుడు ఒక కంపెనీని ఊహించుకుని లెక్క వేద్దాం. అప్పు 1,400 కోట్లు, నగదు 450 కోట్లు, కాబట్టి నికర అప్పు 950 కోట్లని ప్రకటన. నోట్స్ చూస్తే 450లో 330 కోట్లు రెరా ఖాతాల్లో, లాక్ అయిన డిపాజిట్లలో ఉన్నాయి. చేతిలో ఉన్నది 120 కోట్లే. ఏడాదిలోపు తీర్చాల్సిన అసలు 520, వడ్డీ 160, మొత్తం 680 కోట్లు. పోయినేడు వసూళ్లు 1,100. అందులో నిర్మాణానికి 640, జీతాలు, పన్నులు, మిగతా ఖర్చులకు 150 పోతే మిగిలేది 310. దానికి చేతిలో ఉన్న 120 కలిపితే 430. కట్టాల్సింది 680. తేడా 250 కోట్లు.

ఈ ఏడాది వసూళ్లు 20 శాతం తగ్గితే? నిర్మాణ ఖర్చు ఆ మేరకు తగ్గదు, అమ్మిన ఇళ్లు కట్టివ్వాల్సిందే. మిగిలేది 310 నుంచి 90కి పడిపోతుంది, తేడా 470 కోట్లకు చేరుతుంది. ఖర్చు తగ్గించుకుందామని పని ఆపితే ఇంకా ప్రమాదం. చాలామంది కొనుగోలుదారులు స్లాబు స్లాబుకూ వాయిదా కడతారు. స్లాబు పడకపోతే డిమాండ్ నోటీసు వెళ్లదు, నోటీసు వెళ్లకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే స్లాబు పడదు. బిల్డర్ కంపెనీలు ఇలాగే ఊపిరాడక పోతాయి.

ఇక గ్యారంటీలు. వేరేవాళ్లతో కలిసి పెట్టిన జాయింట్ వెంచర్ల అప్పు చాలాసార్లు కన్సాలిడేటెడ్ అప్పులో కనిపించదు, దానికి మాతృ సంస్థ ఇచ్చిన హామీ మాత్రం "కంటింజెంట్ లయబిలిటీస్" (మీద పడొచ్చు, పడకపోవచ్చు అన్న బాకీలు) నోట్‌లో ఉంటుంది. దాన్నీ కలపండి.

నేను ఒకసారి ఆ లిక్విడిటీ రిస్క్ పట్టిక చదవకుండా ఒక కంపెనీ షేరు కొన్నాను. నికర అప్పు తక్కువే ఉంది, అమ్మకాలు బాగున్నాయి. ఆ కంపెనీ అప్పులో ఎక్కువ భాగం ఎన్‌బీఎఫ్‌సీలది (బ్యాంకులు కాని అప్పిచ్చే సంస్థలది), ఏటా గడువు తీరగానే కొత్త అప్పుగా తిరగరాసుకునేది. 2018 సెప్టెంబరులో ఐఎల్‌ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ వాయిదాలు ఎగ్గొట్టాక ఎన్‌బీఎఫ్‌సీలకే డబ్బు పుట్టలేదు, ఇక బిల్డర్లకు ఎక్కణ్నుంచి ఇస్తారు? తిరగరాయడం ఆగింది, కంపెనీ ఆగింది. నేను 42 దగ్గర కొని, 31 దగ్గర ఇంకొన్ని కొని యావరేజ్ చేసి, 19 దగ్గర మళ్లీ చేశాను. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు అందులో ఉంది. తర్వాత నివేదిక తెరిస్తే ఆ ఆరు లైన్లూ అక్కడే ఉన్నాయి, నేను మొదటిసారి కొనకముందే అచ్చయి ఉన్నాయి. అందుకే యావరేజ్ చేయమని చెప్పేవాళ్లంటే నాకు కోపం. తేడా ఎంతో తెలియకుండా యావరేజ్ చేయడమంటే ఎంత లోతో తెలియని బావిలో మళ్లీ మళ్లీ దిగడమే.

లెక్కలో తేడా తేలగానే కంపెనీ అయిపోయినట్టు కాదు. భూమి అమ్మొచ్చు, బ్యాంకు గడువు పొడిగించొచ్చు. కానీ దానికి సంతకమైన ఒప్పందం ఉండాలి, ఎక్స్ఛేంజీకి తెలిపి ఉండాలి. "చర్చలు జరుగుతున్నాయి" అన్న మాటను నోట్‌బుక్‌లో సున్నాగా రాసుకోండి. చేతిలో ఉన్నదీ, మిగిలేదీ కలిపి ఏడాది బాకీకి సరిపోని కంపెనీని, అలాంటి ఒప్పందం లేకుండా కొనకూడదు.

5. సైటుకి వెళ్లండి

రెరా వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాజెక్టు పురోగతినీ మూడు నెలలకోసారి పెట్టాలి. పూర్తి చేసే తేదీ ఎన్నిసార్లు వాయిదా పడిందో చూడండి. తర్వాత మీకు దగ్గర్లో ఉన్న ప్రాజెక్టుకి ఒక పనిరోజు, సాయంత్రం ఐదింటికి వెళ్లండి. ఆదివారం వెళ్తే ఏమీ తెలియదు. సేల్స్ ఆఫీసులోకి వెళ్లొద్దు, వెనక వైపు కూలీల షెడ్ల దగ్గర నిలబడండి. పని నడుస్తుంటే పొయ్యిలు వెలుగుతుంటాయి, తాళ్ల మీద బట్టలుంటాయి, పిల్లలు ఆడుతుంటారు. నేను వెళ్లిన ఒక చోట నలభై షెడ్లలో మూడిటికే తలుపులు తెరిచున్నాయి. పైకప్పు మీద నిలువుగా పొడుచుకొచ్చిన కడ్డీలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి ఉంది. రేపో ఎల్లుండో స్లాబు వేసేవాళ్లు ఆ పని చేయరు. ఆ త్రైమాసికం ప్రకటనలో "నిర్మాణం వేగంగా సాగుతోంది" అని ఉంది.

ఆగిన ప్రాజెక్టులకు కేంద్రం 2019 నవంబరులో ప్రకటించిన 25,000 కోట్ల స్వామి ఫండ్ పేరు వినగానే షేర్లు లేస్తుంటాయి. ఆ డబ్బు ఇళ్లు పూర్తి చేయడానికి, అదీ తాకట్టు మీద ఇచ్చే అప్పుగా. ఇల్లు కొన్నవాడికి మేలు. షేరు కొన్నవాడి ముందు వరసలో ఇంకో మనిషి నిలబడ్డట్టు.

6. పుస్తక విలువ

"సగం బుక్ వాల్యూకే దొరుకుతోంది" అన్నది నేను తరచూ వినే మాట. బుక్ వాల్యూ అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే పుస్తకాల్లో మిగిలే విలువ. ఆ బుక్‌లో ఉన్నది భూమి, కట్టని ఫ్లాట్లు, వాటిలో కలిపిన వడ్డీ. భూములకు అడ్వాన్సులుగా ఇచ్చి ఏళ్లయినా రిజిస్ట్రేషన్ కానివి కూడా ఉంటాయి. అడ్వాన్సుల మొత్తం సున్నా అనుకోండి, భూమిలో ముప్ఫై శాతం కోయండి. అప్పుడూ చవగ్గానే ఉంటే మాట్లాడుకుందాం.

7. కొనేటప్పుడు

పై పరీక్షలన్నిటికీ నిలబడిన కంపెనీ దొరికితే మీ పొదుపులో మూడు శాతం మించి పెట్టకండి. అప్పు తెచ్చి గానీ మార్జిన్ (బ్రోకర్ ఇచ్చే అప్పు) మీద గానీ అసలే వద్దు. ఫలితాలొచ్చిన రోజు కొనకూడదు. వసూళ్లు వరసగా రెండు త్రైమాసికాలు పెరిగాక, రెండు విడతలుగా కొనండి. కింద ధర దొరకలేదని బాధపడొద్దు, అడుగున కొనడం మన పని కాదు.

కొన్న రోజే నోట్‌బుక్‌లో అమ్మాల్సిన సందర్భాలు రాసుకోండి: ఆడిటర్ మధ్యలో రాజీనామా చేయడం, రేటింగ్ సంస్థ "సహకరించని కంపెనీ" అని గుర్తు వేయడం, బ్యాంకు వాయిదా ముప్ఫై రోజులు దాటి తప్పినట్టు కంపెనీ ఎక్స్ఛేంజీకి తెలపడం. వీటిలో ఏది జరిగినా ఆ రోజే అమ్మేయాలి, నష్టం ఎంతైనా సరే.

చివరగా, ఇలాంటి కంపెనీలు నిలదొక్కుకోవడానికి ఎక్కువగా చేసేది కొత్త షేర్లు అమ్మడం. యూనిటెక్ కూడా 2009 ఏప్రిల్‌లో పెద్ద సంస్థలకు షేర్లమ్మి 1,600 కోట్లకు పైగా తెచ్చుకుంది. పెద్దవాళ్లకే అమ్మితే మన వాటా పలచబడుతుంది, మనం చేయగలిగేదేమీ ఉండదు. పాత షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు ఇవ్వజూపే రైట్స్ ఇష్యూ అయితే మనకూ హక్కు ఉంటుంది, ఆ హక్కు పత్రాలు డీమ్యాట్ ఖాతాలోకి వస్తాయి. అప్పుడు నాలుగో మెట్టు లెక్క కొత్త డబ్బు కలిపి మళ్లీ వేయండి. ఏడాది బాకీ తీరేలా ఉంటే అప్లై చేయండి, లేకపోతే ఆ హక్కులను మార్కెట్లో అమ్మేయండి. హక్కుల ట్రేడింగ్ ఇష్యూ ముగియడానికి కొన్ని రోజుల ముందే ఆగిపోతుంది. అప్లై చేయకుండా, అమ్మకుండా ఊరుకుంటే అవి రద్దయిపోతాయి. ఆఫర్ పత్రంలోని ఆ రెండు తేదీలూ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.