చలిజ్వరంతో వచ్చినవారికి మందుల షాపులో ఏం చేయాలి

నల్లగొండ, నాగర్‌కర్నూల్ పల్లెల్లో జ్వరమొస్తే చాలామంది ముందు మెట్టెక్కేది మెడికల్ షాపుదే. "చలిజ్వరం గోళీలు రెండు పూటలకు ఇయ్యి" అంటారు. సరేనని స్ట్రిప్ కత్తిరించారా, వైద్యం అక్కడే దారి తప్పుతుంది.

ముందు అడగండి: జ్వరం ఎన్నాళ్ల నుంచి? వణుకు ఉందా? ఈమధ్య ఊరు దాటారా? ముంబై పనులకు వెళ్లొచ్చిన పాలమూరు కూలీలను, అమ్రాబాద్, మన్ననూరు అడవి వైపు రాత్రులు గడిపి వచ్చినవారిని ఈ మాట తప్పక అడగాలి. ఇంతకుముందు మలేరియా వచ్చిందేమో కూడా కనుక్కోండి.

పరీక్ష లేకుండా మలేరియా మందు ఇవ్వొద్దు. పీహెచ్‌సీలో గానీ ఆశా కార్యకర్త దగ్గర గానీ పరీక్ష ఉచితం. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చేసే కార్డు టెస్టు ఫలితం 15–20 నిమిషాల్లో తెలుస్తుంది. ఆశా ఫోన్ నంబరు కౌంటర్ దగ్గర గోడకు అంటించి పెట్టుకోండి. ఫలితం వచ్చేదాకా పారాసిటమాల్ చాలు. డెంగీ కూడా ఈ వానాకాలంలోనే తిరుగుతుంది కాబట్టి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మలేరియా క్రిముల్లో ముఖ్యమైన రకాలు వైవాక్స్, ఫాల్సిపారమ్; రిపోర్టులో ఏది ఉందో చూసి డాక్టర్ చీటీతో పోల్చుకోండి. వైవాక్స్‌కు పెద్దవారి లెక్క ఇది: క్లోరోక్విన్ 250 మి.గ్రా. గోళీలు మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. ప్రైమాక్విన్ రోజుకు 15 మి.గ్రా. చొప్పున 14 రోజులు. అసలు చిక్కు ఇక్కడే. మూడో రోజుకు జ్వరం దిగుతుంది, ప్రైమాక్విన్ మూలకు పడుతుంది. కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. అందుకే కవరు మీద 14 గళ్లు గీసి, మింగిన రోజు గడి కొట్టేయమని చెప్పండి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. మూత్రం నల్లగా వస్తే మందు ఆపి వెంటనే దవాఖానకు పోవాలి.

ఫాల్సిపారమ్‌కు ఆర్టిసునేట్ ఒక్కటే గోళీగా ఇవ్వొద్దు. ఆ ఒంటరి మందును మన దేశంలో 2009లోనే నిషేధించారు, క్రిమి మొండికేస్తుందని. ఆర్టిసునేట్‌తో మరో మందు కలిపిన మూడు రోజుల కాంబినేషన్ ప్యాక్ పూర్తిగా ఇవ్వాలి. సగం ప్యాక్ అమ్మడం కన్నా అమ్మకపోవడమే మేలు. డబ్బు తక్కువైతే పీహెచ్‌సీకి పంపండి, అక్కడ ఉచితమే. మందు మింగిన అరగంటలోపు వాంతయితే అదే డోసు మళ్లీ వేయాలి.

స్ట్రిప్ కత్తిరించాల్సి వస్తే తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొసను చివరిదాకా ఉంచండి. మే నెలలో రేకుల షాపు లోపల గోళీల మీద రాసిన 30 డిగ్రీల హద్దు ఎప్పుడో దాటిపోతుంది. పడమటి ఎండ తగలని కింది అరలో పెట్టి, పక్కన థర్మామీటర్ తగిలించండి.

ఫిట్స్, మగత, ఆయాసం, పచ్చకామెర్లు, ఆగని వాంతులు, పాలు తాగని పసిపిల్ల: వీటిలో ఏది కనిపించినా గోళీల మాట ఎత్తకుండా 108కి ఫోన్ చేయండి.

మూడో రోజు రోగికి ఫోన్ చేయండి. జ్వరం ఇంకా ఉంటే కార్డు టెస్టుకు కాదు, రక్తం పూత పరీక్షకు (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసేది) పంపండి; ఎందుకంటే ఫాల్సిపారమ్ తగ్గాక కూడా కార్డు కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తుంది.