తాబేలు దగ్గర ఆగిపోయిన పుస్తకం

టాల్‌స్టాయ్ ‘యుద్ధము – శాంతి’ మూడో సంపుటం మూడో భాగం దగ్గర నా బండి ఆగింది. నెపోలియన్ సేనతో రష్యన్ల బొరొడినో యుద్ధం ముగిసింది, మాస్కో ఏమవుతుందోనని ఆత్రంగా పేజీ తిప్పితే ఎదురైంది అఖిలీసూ తాబేలూ – ముందు బయల్దేరిన తాబేలును ఎంత వేగంగా పరుగెత్తినా అఖిలీసు అందుకోలేడనే పాత గ్రీకు చిక్కుప్రశ్న! చరిత్ర ఎలా నడుస్తుందో చెప్పడానికి రచయిత గణితం ఎత్తుకున్నాడు. రెండు పేజీలు చదవడం, నిద్రపోవడం, మళ్లీ అవే రెండు పేజీలు. నెల గడిచింది. మొత్తం 361 అధ్యాయాలు. వదిలేస్తే అంతవరకు చదివినదంతా దండగ అనిపించేది. అయినా చదివిన గంటలు ఎటూ తిరిగిరావు కదా.

చివరికి లెక్క మార్చాను. ఎన్ని పేజీలు మిగిలాయని కాకుండా, ఎవరి గతి తెలుసుకోవాలని ఉందో చీటీ మీద రాశాను. పియెర్, నటాషా. రెండు పేర్లు వచ్చాయి కాబట్టి పుస్తకం మూయకూడదు. ఒక్క పేరూ తట్టకపోతే మర్నాడే గ్రంథాలయానికి తిరిగిచ్చేవాడిని. విసుగు కథ మీద కాదు, ఉపన్యాసం మీద.

వాదన ఉన్న అధ్యాయాలు దాటేశాను. నాలుగో అధ్యాయంలో ఫిలీ గ్రామం, ఒక రైతు ఇల్లు. మాస్కోను వదలాలా వద్దా అని సేనానులు తర్జనభర్జన పడుతుంటే, పొయ్యి గట్టు మీద నుంచి మలాషా అనే ఆరేళ్ల పిల్ల చూస్తుంటుంది. ఆమె కంటికి అది తాతకూ పొడుగు కోటాయనకూ మధ్య గొడవ! ఆ రాత్రి నిద్ర రాలేదు.

రెండో ఉపసంహారం 12 అధ్యాయాలు. అందులో పాత్రలే లేవు, అంతా చరిత్ర చర్చ. అది చదవలేదు. పుస్తకం పూర్తి చేశాననే చెప్పుకుంటాను.