ఇంటి దగ్గర ఎలక్ట్రానిక్స్ – 7వ పాఠం: తక్కువ ధరలో డిజిటల్ ఆసిల్లోస్కోపు ఎంచుకోవడం

పోయిన పాఠం ఒక ఏరేటర్ (చెరువు నీటికి గాలి కలిపే యంత్రం) ప్యానెల్ దగ్గర ఆగింది. కంట్రోల్ బోర్డుకు 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయని మల్టీమీటరు చెబుతోంది. కానీ పక్క చెరువు మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా బోర్డు రీసెట్ అయిపోతోంది. ఇందులో మీటరు తప్పేమీ లేదు. అది సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది, అదీ సగటు తీసి. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) పడిన క్షణాన సప్లై రెండు మిల్లీసెకన్ల పాటు 3 వోల్టులకు జారి మళ్లీ లేచిందనుకోండి, మీటరుకు ఆ సంగతే తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీత గీసి చూపే ఆసిల్లోస్కోపు కావాలి.

అక్కడ మొదలవుతుంది అసలు టెన్షన్. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు రిపేరు పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "మేస్టారూ, ఎన్ని మెగాహెర్ట్జ్‌ది కొనమంటారండీ?" నేను తిరిగి అడిగేది, "మీ బల్ల మీదకు ఏమేం వస్తాయండీ?" అని. ఆ జాబితా కాగితం మీద పడే దాకా ఏ మోడల్ పేరూ చెప్పను.

మన డెల్టాలో ఆ జాబితా దాదాపు అందరికీ ఒకేలా ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్‌లు, టీవీ పవర్ సప్లైలు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, చెరువు గట్టు మీద స్టార్టర్ ప్యానెళ్లు, ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు, వాటిని ఫోనుకు కలిపే ఈఎస్‌పీ32 బోర్డులు. ఇక వీటిలో నడిచే వేగాలు చూడండి. ఇన్వర్టర్ లోపల పీడబ్ల్యూఎం (పల్సుల వెడల్పు మార్చి వోల్టేజీని అదుపు చేసే పద్ధతి) 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న ఎస్‌ఎంపీఎస్‌లు (వేగంగా స్విచ్ చేసి వోల్టేజీ మార్చే పవర్ సప్లైలు) ఎక్కువగా 65 నుంచి 130 కిలోహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. సెన్సార్ మాట్లాడే సీరియల్ లైను 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) అయితే ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు. వేగమంతా అంచుల్లోనే, అంటే సిగ్నల్ పైకీ కిందకీ మారే క్షణాల్లోనే ఉంది. మోస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్చి) గేటు 100 నానోసెకన్లలో లేస్తుంది, స్విచ్ అయిన వెంటనే పుట్టే రింగింగ్ (కాసేపు ఊగే చిన్న అలలు) ఒక్కోసారి పదీ ఇరవై మెగాహెర్ట్జ్ దాకా పోతుంది.

బ్యాండ్‌విడ్త్ (స్కోపు చూపగల ఫ్రీక్వెన్సీ హద్దు) లెక్క ఇక్కడ వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ స్కోపు అంటే 100 దాకా అన్నీ ఉన్నవున్నట్టు చూపిస్తుందని అర్థం కాదు. సరిగ్గా 100 దగ్గర సిగ్నల్ ఎత్తు 70 శాతానికి పడిపోతుంది. చతురస్ర తరంగం ఆకారం చెడకుండా కనిపించాలంటే దాని ఫ్రీక్వెన్సీకి అయిదు రెట్లు బ్యాండ్‌విడ్త్ ఉండాలి. అంచు వేగం తెలిస్తే ఇంకో లెక్క: 0.35ను స్కోపు బ్యాండ్‌విడ్త్‌తో (హెర్ట్జ్‌లో) భాగిస్తే అది చూపగల అతి చురుకైన అంచు ఎంతో (సెకన్లలో) వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కు 3.5 నానోసెకన్లు, 50కి 7. పై జాబితాలో ఏదీ 50 నుంచి 100 దాటి అడగడం లేదు. 200 మెగాహెర్ట్జ్ కోసం డబ్బు పోసి ప్రోబుల (సిగ్నల్‌ను స్కోపుకు తెచ్చే తీగల) దగ్గర కక్కుర్తి పడితే ఆ 200 ఎందుకూ పనికిరాదు. ఈఎస్‌పీ32 వైఫై సిగ్నల్ చూద్దామన్న ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. 2.4 గిగాహెర్ట్జ్ చూపే స్కోపు ఈ ధరల్లో దొరకదు.

నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది మెమరీ మీద. పెట్టె మీద "1 జీఎస్/సె" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అంటే సెకనుకు వంద కోట్ల శాంపిళ్లు (కొలతలు). మెమరీ, అంటే ఒకేసారి దాచుకోగల శాంపిళ్లు, ఎంతో మాత్రం లోపలి కాగితంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. ఈ రెండింటికీ లంకె ఉంది: తెర మీద కనిపించే కాలాన్ని శాంపిల్ వేగంతో గుణిస్తే ఎంత మెమరీ కావాలో వస్తుంది. ఇన్వర్టర్ ఔట్‌పుట్ ఒక పూర్తి సైకిల్ చూడాలి, అంటే 20 మిల్లీసెకన్లు. మెమరీ 40 వేల పాయింట్లే ఉందనుకోండి. 20 మిల్లీసెకన్లను అందులో ఇరికించడానికి స్కోపు తనంతట తానే సెకనుకు 20 లక్షల శాంపిళ్లకు దిగిపోతుంది. అంటే రెండు శాంపిళ్ల మధ్య 500 నానోసెకన్ల దూరం. 100 నానోసెకన్ల గేటు అంచు ఆ సందులో పడి మాయమైపోతుంది. అదే 1.4 కోట్ల పాయింట్ల మెమరీ ఉంటే ఆ 20 మిల్లీసెకన్లూ సెకనుకు 50 కోట్ల శాంపిళ్ల వేగంతోనే రికార్డవుతాయి. ఆపి, జూమ్ చేసి, ఏ అంచు కావాలంటే ఆ అంచు దగ్గరికి పోవచ్చు. రెండు పెట్టెల మీదా రాసి ఉన్నది 1 జీఎస్/సె అనే.

వేగం పడిపోయినప్పుడు ఇంకో ప్రమాదం, లేని తరంగాలు కనిపించడం. సెకనుకు 20 లక్షల శాంపిళ్లు తీస్తున్న స్కోపుకు 1.99 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే తెర మీద 10 కిలోహెర్ట్జ్ తరంగం నున్నగా, నమ్మకంగా కనిపిస్తుంది. అనుమానం వస్తే టైమ్‌బేస్ (తెర మీద ఎంత కాలం చూపాలో) మార్చి చూడండి. తెర మీది ఫ్రీక్వెన్సీ కూడా మారిపోతే మీరు చూస్తున్నది నిజం సిగ్నల్ కాదు.

ఛానెళ్ల (ఒక్కో సిగ్నల్‌కు ఒక్కో దారి) సంగతి. శాంపిల్ వేగం ఛానెళ్లన్నీ పంచుకునేది. కాలువ మీద తూములన్నీ తెరిస్తే శివారు పొలానికి ఎంత నీరు అందుతుందో తెలిసిందే కదా. రైగోల్ కంపెనీ నాలుగు ఛానెళ్ల స్కోపు డీఎస్1054జెడ్‌లో ఒక ఛానెల్ వాడితే 1 జీఎస్/సె, రెండైతే సగం, మూడో నాలుగో తెరిస్తే పావు. అయినా నాలుగు ఛానెళ్లు ఉండటమే మంచిదంటాను. హెచ్-బ్రిడ్జ్ (నాలుగు స్విచ్చిల అమరిక) ఇన్వర్టర్‌లో నాలుగు గేటు డ్రైవ్‌లు ఒకదానితో ఒకటి ఎలా నడుస్తున్నాయో ఒకేసారి చూడాల్సి వస్తుంది. సీరియల్ లైన్లు మాత్రమే చూసేవాళ్లకు రెండు చాలు. బిట్ల విషయం క్లుప్తంగా: మామూలు 8 బిట్ స్కోపు ఎత్తును 256 మెట్లుగా చూపిస్తుంది, 12 బిట్‌ది 4096గా. పవర్ సప్లైలో చిన్న రిపుల్ (డీసీ మీద మిగిలే అల) చూసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది, గేటు పల్సులకు అక్కర్లేదు.

ఇప్పుడు స్కోపునూ బోర్డునూ కలిపి కాల్చేసే విషయం. బల్ల మీద పెట్టే స్కోపుల్లో ప్రోబుకు వేలాడే నల్ల క్లిప్పు స్కోపు బాడీకి, అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్తుకు కలిసి ఉంటుంది. అన్ని ఛానెళ్ల క్లిప్పులూ లోపల ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్ ప్రైమరీ (మెయిన్స్‌కు కలిసిన) వైపు గ్రౌండ్ అని రాసి ఉన్న చోట ఆ క్లిప్పు తగిలించారంటే బ్రిడ్జ్ డయోడ్ల గుండా కరెంటు నేరుగా ఎర్తుకు షార్ట్. పెద్ద చప్పుడు, డయోడ్లు పోతాయి, ఒక్కోసారి ప్రోబు తీగ కూడా పోతుంది. దీనికి మందుగా కొందరు స్కోపు ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తారు. ఆ పని చేయొద్దు. అప్పుడు చప్పుడు రాదు, స్కోపు బాడీ మొత్తం లైవ్ అయి మీ చెయ్యి కోసం కాచుకుని ఉంటుంది.

మన ఊళ్లలో పాత పెంకుటిళ్లలో ఎర్తు లేని సాకెట్లు ఇంకా చాలా ఉన్నాయి. అలాంటి చోట స్కోపు పెడితే దాని లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీద మెయిన్స్‌లో సగం, సుమారు 115 వోల్టులు తేలుతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి ముట్టుకుంటే జిల్లుమంటుందంతే. కానీ అదే క్లిప్పు సెన్సార్ బోర్డుకు తగిలితే మైక్రోకంట్రోలర్ పిన్ను చచ్చిపోవచ్చు. స్కోపు కొనే ముందు పని గదికి ఎర్తు గుంట తీయించండి. మన తడి నేలలో అది పెద్ద ఖర్చు కూడా కాదు.

ప్రైమరీ వైపు కొలవాల్సిన పనే ఎక్కువైతే డిఫరెన్షియల్ ప్రోబుకు (ఎర్తుతో సంబంధం లేకుండా రెండు బిందువుల మధ్య వోల్టేజీ కొలిచేది) డబ్బు పక్కన పెట్టండి. అది వచ్చేదాకా, రిపేరులో ఉన్న బోర్డును ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరు సంబంధం తెంపేది) మీద నడపండి. స్కోపును కాదు, బోర్డును. వోల్టేజీ కూడా లెక్క చూసుకోవాలి: 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే 325 వోల్టుల డీసీ, చెరువుల దగ్గరి త్రీ ఫేజ్ డ్రైవుల్లో 415 నుంచి 587. ప్రోబు మీద 600 అని ఉంది కదా అని 587 దగ్గర పెట్టకండి. ఆ హద్దు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ప్రోబు స్విచ్చి ఎప్పుడూ 10ఎక్స్‌లోనే (సిగ్నల్‌ను పదో వంతు చేసే స్థానం) ఉంచండి. 1ఎక్స్‌లో పెడితే బ్యాండ్‌విడ్త్ ఆరేడు మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది, మీరు పెట్టిన డబ్బంతా ఆ చిన్న స్విచ్చి మింగేస్తుంది.

ధరలు నెలనెలా మారేవి కాబట్టి మెట్ల వారీగా చెబుతాను. కింది మెట్టు డీఎస్‌వో138 లాంటి కిట్టు. 200 కిలోహెర్ట్జ్, సెకనుకు 10 లక్షల శాంపిళ్లు, 1024 పాయింట్ల మెమరీ. 9600 బాడ్ లైనుకు, టీవీ రిమోట్ 38 కిలోహెర్ట్జ్‌కు, ఆడియోకు బాగానే పని చేస్తుంది, సోల్డరింగ్ సాధన కూడా అవుతుంది. పవర్ సప్లై పనికి వద్దు. తర్వాతి మెట్టు హాన్‌టెక్ డీఎస్‌వో5102పీ తరహా, 100 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్లు, కానీ మెమరీ పైన లెక్క కట్టిన 40 వేలే. ఆ పైన సిగ్లెంట్ ఎస్‌డీఎస్1104ఎక్స్-ఈ: నాలుగు ఛానెళ్లు, 100 మెగాహెర్ట్జ్, 1.4 కోట్ల పాయింట్లు, సీరియల్ డీకోడ్ (బిట్లను అక్షరాలుగా చదివి చూపడం) అదనపు డబ్బు లేకుండా. రైగోల్ డీహెచ్‌వో804 అయితే 70 మెగాహెర్ట్జే గానీ 12 బిట్లు, 2.5 కోట్ల పాయింట్లు. ఈ రెండిట్లో ఏది తక్కువకు దొరికితే అది తీసుకోమంటాను. రెండో మెట్టు దగ్గర ఆగడం కంటే కిట్టుతో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చి పైమెట్టుకు పోవడం నయం. కాలేజీలు వేలంలో అమ్మే పాత పిక్చర్ ట్యూబు స్కోపులు చదువుకోవడానికి బాగుంటాయి, కానీ ఒక్కసారి జరిగి పోయే ఆ రీసెట్‌ను పట్టి ఆపలేవు.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకో చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్లి కొనేవాళ్లు చేతిలో ఒక 74ఏసీ14 చిప్పు పెట్టి చేసిన చిన్న ఆసిలేటర్ (పల్సులు పుట్టించే సర్క్యూట్) పట్టుకెళ్లండి. దాని అంచు చాలా చురుకు. ఊరూ పేరూ లేని పెట్టె మీద 100 మెగాహెర్ట్జ్ అని ఉండి, రైజ్ టైమ్ (అంచు లేచే సమయం) 12 నానోసెకన్లు చూపిస్తే 0.35 లెక్క వేయండి, 30 కూడా రాదు. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. అంతర్వేది, నర్సాపురం లాంటి సముద్రపు గాలి తగిలే చోట వాడని రోజుల్లో మూతపెట్టె, సిలికా జెల్ తప్పనిసరి. ప్రోబు సాకెట్లకు పచ్చ తుప్పు తొందరగా పడుతుంది.

ఇంటి పని: చెరువు సెన్సార్ 9600 బాడ్‌లో పంపే మాటలను 10 సెకన్ల పాటు ఆగకుండా రికార్డు చేయాలి, ఒక్కో బిట్‌కు కనీసం పది శాంపిళ్లు పడాలి. పైన చెప్పిన స్కోపుల్లో దేని మెమరీ సరిపోతుంది, దేనిది చాలదు? లెక్క వేసి ఉంచండి. 8వ పాఠం ఆ జవాబుతో మొదలుపెట్టి, ప్రోబు కాంపెన్సేషన్, సింగిల్ ట్రిగ్గర్ నేర్చుకుని ఆ ఏరేటర్ ప్యానెల్ రీసెట్‌ను పట్టుకుందాం.