కొబ్బరినూనె సబ్బు కలిపే ముందు

- కాస్టిక్ సోడా కెమికల్ షాపులో కొనండి. డబ్బా మీద ‘సోడియం హైడ్రాక్సైడ్’ అని ఉండాలి. వంటసోడా, చాకలిసోడా పనికిరావు.

- 500 గ్రాముల నూనెకు సోడా సుమారు 87 గ్రాములు, నీళ్లు 190. చెంచా లెక్కలొద్దు, డిజిటల్ కాటా మీదే తూచండి. సోడా ఎక్కువైతే సబ్బు చర్మాన్ని కాలుస్తుంది.

- స్టీలు గిన్నె. అల్యూమినియం అసలొద్దు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది.

- సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పొయ్యకూడదు. నిమిషంలో గిన్నె చుర్రుమంటుంది, ఆవిరికి ముక్కు మండుతుంది. కిటికీలు తెరవండి.

- గాగుల్స్, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. ఒంటిమీద పడితే నిమ్మకాయ రుద్దకండి, కుళాయి కింద ఇరవై నిమిషాలు కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆస్పత్రికి.

- పిల్లలు స్కూలుకెళ్లాకే మొదలుపెట్టండి!